ఒక్క అణువు ఎంత తూగుతుంది?

కిరాణా కొట్టు కాటా మీద ఒక్క వడ్లగింజ వేస్తే అంకె కదలదు. అయినా ఏ వరి రకం గింజ ఎంత బరువుంటుందో విత్తన పరీక్షలు చేసేవాళ్లు తేలిగ్గా చెప్పేస్తారు. వాళ్లు గింజను విడిగా తూచరు. తాలు లేని మంచి గింజలు వెయ్యి లెక్కపెట్టి, అన్నింటినీ కలిపి తూస్తారు. దాన్నే వెయ్యి గింజల బరువు అంటారు. వ్యవసాయ శాఖ కాగితాల్లో టెస్ట్ వెయిట్ అని ఉండేది అదే. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే మనం సాంబ మసూరి అని పిలుచుకునే సన్నరకం, వెయ్యి గింజలకు దాదాపు 15 గ్రాములు తూగుతుంది. వెయ్యితో భాగిస్తే గింజకు 15 మిల్లీగ్రాములు. గింజను ముట్టుకోకుండానే దాని బరువు తెలిసిపోయింది.

ఇంటర్ మొదటి సంవత్సరంలో పిల్లలు చేసే ఒక లెక్క సరిగ్గా ఇదే. ఒక నీటి అణువు ద్రవ్యరాశి ఎంత? ఒక చక్కెర అణువు ఎంత? జవాబు రెండు వరుసల్లో వచ్చేస్తుంది. వెయ్యి గింజలకు బదులు ఇక్కడ 6.022 × 10²³ అణువులు, అంటే 602 పక్కన 21 సున్నాలు. అన్ని అణువుల మొత్తాన్ని ఒక మోల్ అంటారు. డజను అంటే పన్నెండు, గ్రోసు అంటే నూట నలభై నాలుగు అన్నట్టే మోల్ కూడా ఒక లెక్క పేరు. మోల్‌లో ఉండే సంఖ్యకు అవొగాడ్రో సంఖ్య అని పేరు.

నీటితో మొదలుపెడదాం. నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయి. పుస్తకం వెనక పట్టికలో హైడ్రోజన్ పరమాణు భారం 1.008, ఆక్సిజన్‌ది 15.999. రెండు హైడ్రోజన్లు 2.016, దానికి ఆక్సిజన్ కలిపితే 18.015. అంటే ఒక మోల్ నీళ్లు 18.015 గ్రాములు. ఒక పెద్ద చెంచాకు కాస్త పైన. దీన్ని అవొగాడ్రో సంఖ్యతో భాగిస్తే ఒక్క అణువు ద్రవ్యరాశి 2.99 × 10⁻²³ గ్రాములు. దశాంశ బిందువు తర్వాత 22 సున్నాలు పెట్టి, ఆ తర్వాత 299 రాయాలి.

ఈ అంకె ఎంత చిన్నదో మనసుకు ఎక్కాలంటే దాన్ని తిరగేసి చూడాలి. కుళాయి చివర వేలాడే ఒక్క చుక్క గ్రాములో ఇరవయ్యో వంతు ఉంటుందనుకుందాం. అందులో సుమారు 1.67 × 10²¹ అణువులు ఉంటాయి. భూమ్మీదున్న 800 కోట్ల మందీ తిండీ నిద్రా మాని, సెకనుకు ఒక్కొక్కరు ఒక్కో అణువు చొప్పున లెక్కపెడితే ఆ చుక్క పూర్తవడానికి దాదాపు ఆరువేల ఆరు వందల ఏళ్లు పడుతుంది. గింజల్ని లెక్కపెట్టి తూచవచ్చు. అణువుల్ని లెక్కపెట్టే దారే లేదు. మరి ఆ 6.022 ఎక్కడి నుంచి వచ్చింది? ఈ రెండు వరుసల లెక్కలో అసలు కథంతా ఆ భాజకంలోనే ఉంది. పాఠ్యపుస్తకం దాన్ని ఒక స్థిరాంకంగా చేతిలో పెట్టేసి ముందుకు వెళ్లిపోతుంది.

ఆ కథలోకి వెళ్లేముందు పరీక్షల్లో తరచూ జరిగే ఒక పొరపాటు చూడాలి. భాగించాల్సిన చోట హెచ్చవేసేవాళ్లు చాలామంది ఉంటారు. 18.015ను 6.022 × 10²³తో హెచ్చవేస్తే సుమారు 1.08 × 10²⁵ గ్రాములు వస్తుంది. జవాబు రాసి ఊరుకోకుండా అది దేని బరువో ఒక్క క్షణం ఆలోచిస్తే తప్పు దానంతట అదే బయటపడుతుంది. అది చందమామ ద్రవ్యరాశిలో దాదాపు ఏడో వంతు. గ్లాసులోని నీళ్లలో ఒక్క అణువు అంత ఉండదు కదా. ఘాతం మీద ఉన్న చిన్న రుణ గుర్తు గ్లాసుకూ చందమామకూ ఉన్నంత తేడా తెస్తుందని ఇలా చూపిస్తే పిల్లలు మళ్లీ ఆ తప్పు చేయరు.

ఇంకో రెండు చోట్ల కూడా జాగ్రత్త కావాలి. ఆక్సిజన్ వాయువు అణువు అడిగితే 16 కాదు, 32 తీసుకోవాలి. గాలిలో అది జంటగా తిరుగుతుంది. ఇక ఉప్పు అణువు ద్రవ్యరాశి అని అడిగితే ఆ ప్రశ్నలోనే తేడా ఉంది. ఉప్పు పలుకులో సోడియం, క్లోరిన్ అయాన్లు గదులు గదులుగా పేర్చి ఉంటాయి తప్ప విడివిడి అణువులు ఉండవు. అక్కడ లెక్క చేసేది ఫార్ములా యూనిట్‌కు.

ఇప్పుడు భాజకం సంగతి. పాతకాలంలో స్వర్ణకారులు బంగారాన్ని గురివింద గింజలతో తూచేవారు. ఈ పోగు ఇన్ని గురివిందల ఎత్తు, ఆ ఉంగరం అన్ని గురివిందల ఎత్తు అని. గురివింద అంటే గ్రాములో ఎనిమిదో వంతుకు దగ్గర అని ఇవాళ మనకు తెలుసు. కానీ ఆ గ్రాముల లెక్క తెలియకపోయినా వ్యాపారం ఆగేది కాదు. ఉంగరం పోగుకు మూడింతలు తూగుతుందని చెప్పడానికి గురివింద చాలు.

పందొమ్మిదో శతాబ్దపు రసాయన శాస్త్రజ్ఞుల పరిస్థితి అచ్చంగా ఇదే. హైడ్రోజన్‌ను ఒకటి అనుకుంటే ఆక్సిజన్ ఎన్నింతలు, కార్బన్ ఎన్నింతలు అన్నది వాళ్లకు తెలుసు. హైడ్రోజన్ పరమాణువు ఎన్ని గ్రాములన్నది తెలియదు. అంటే చేతిలో గురివిందలున్నాయి, గ్రాము రాళ్లతో వాటికి లంకె లేదు.

ఆ నిష్పత్తులు కూడా ఊరికే రాలేదు. ఇంగ్లండుకు చెందిన జాన్ డాల్టన్ 1808లో పరమాణు సిద్ధాంతాన్ని పుస్తకంగా వేసినప్పుడు నీటిలో ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ ఉంటాయనుకున్నాడు. రెండు మూలకాలు కలిసి ఒకే పదార్థం ఇస్తే అది ఒకటికొకటి అన్న సరళమైన ఊహ ఆయనది. ఆ లెక్కన ఆక్సిజన్ భారం అసలు దానిలో సగానికి పడిపోయింది. మూడేళ్లకు, 1811లో, ఇటలీలో న్యాయశాస్త్రం చదివి తర్వాత భౌతికశాస్త్రం వైపు వచ్చిన అమెడియో అవొగాడ్రో దారి చూపించాడు. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం వద్ద ఒకే ఘనపరిమాణం ఉన్న ఏ వాయువులోనైనా అణువుల సంఖ్య సమానం అన్నాడు. రెండు పాళ్ల హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్ కలిస్తే నీరు వస్తుందని అప్పటికే తెలుసు. కాబట్టి నీటి అణువులో హైడ్రోజన్లు రెండు.

ఆ మాట దాదాపు యాభై ఏళ్లు పక్కన పడి ఉంది. 1856లో అవొగాడ్రో కన్నుమూశాడు. 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూలో రసాయన శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సభ జరిగినప్పుడు ఆయన దేశస్థుడే అయిన కనిజారో ఆ సూత్రాన్ని మళ్లీ వెలికి తీసి, దానితో పరమాణు భారాలన్నీ ఎలా సరిపడతాయో చూపించాడు. అవొగాడ్రో ఆ సంఖ్యను ఎన్నడూ కనుక్కోలేదు, ఎంత ఉంటుందో ఊహించనూ లేదు. సమానం అని మాత్రమే చెప్పాడు. ఎంత అన్న ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లు వేరు. అణువు సైజు తెలిస్తే సంఖ్యకూ దారి దొరుకుతుంది. 1865లో ఆస్ట్రియాకు చెందిన లోష్మిట్ గాలి అణువు అడ్డుకొలత మిల్లీమీటరులో పదిలక్షో వంతు ఉంటుందని మొదటి అంచనా వేశాడు. అసలు విలువకు రెండు మూడింతలు ఎక్కువే గానీ, ఎవరికీ అంతు చిక్కని చోట తొలి అడుగు అది.

గ్రాముకూ అణువుకూ నిజంగా వంతెన కట్టిన మనిషి జాన్ పెరాన్. పారిస్‌లో 1908 ప్రాంతంలో ఆయన చేసిన ప్రయోగం చెప్పుకోదగ్గ అందమైనది.

కొండ ఎక్కే కొద్దీ గాలి పలచబడుతుందని అందరికీ తెలుసు. అణువుల్ని భూమి కిందికి లాగుతుంది, వేడి వల్ల వచ్చే కుదుపు పైకి ఎగదోస్తుంది. ఈ పెనుగులాటలో బరువైన అణువులు కిందే ఎక్కువగా ఉండిపోతాయి, తేలికవి పైదాకా పాకుతాయి. సున్నా డిగ్రీల దగ్గర ఉన్న ఆక్సిజన్ సగానికి పలచబడాలంటే 5 కిలోమీటర్లు పైకి వెళ్లాలి. దానికంటే పదహారు రెట్లు తేలికైన హైడ్రోజన్ అయితే 80 కిలోమీటర్లు. అంటే సగానికి పలచబడే ఎత్తు తెలిస్తే అణువుల బరువుల్ని పోల్చవచ్చు.

పెరాన్ ఇక్కడే ఒక సాహసం చేశాడు. కంటికి కనిపించే రేణువులు కూడా నీళ్లలో అణువుల్లాగే కుదుపు తింటాయి కదా, అవీ ఈ సూత్రాన్నే పాటించాలి అనుకున్నాడు. గాంబోజ్ అనే పచ్చటి చెట్టుజిగురును నీళ్లలో కలిపితే సన్నటి గుండ్రటి రేణువులు విడివడతాయి. అవి రకరకాల సైజుల్లో ఉంటాయి. ఆయనకు అన్నీ ఒకే సైజువి కావాలి. యంత్రంలో గిరగిరా తిప్పి వేరుచేస్తూ, కిలో గాంబోజ్‌తో మొదలుపెట్టి, రోజూ అదే పని చేస్తూ కొన్ని నెలల తర్వాత గ్రాములో కొన్ని పదో వంతులు మాత్రం సంపాదించాడు. రైతు బియ్యాన్ని చెరిగినట్టు ఆయన రేణువుల్ని చెరిగాడు.

తర్వాత మైక్రోస్కోపు కింద వేర్వేరు లోతుల్లో రేణువుల్ని ఓపికగా లెక్కపెట్టాడు. పైకి వెళ్లే కొద్దీ అవి గాలిలాగే పలచబడుతున్నాయి. అయితే కిలోమీటర్లలో కాదు, మిల్లీమీటరులో చిన్న భాగంలోనే. రేణువులు సగానికి పలచబడే ఎత్తు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు అనుకుందాం. 5 కిలోమీటర్లు దానికి పది కోట్ల రెట్లు. అంటే నీటి తేల్పు పోగా ఆ రేణువు బరువు ఆక్సిజన్ అణువుకు పది కోట్ల రెట్లు అన్నమాట. రేణువు వ్యాసాన్ని, సాంద్రతను కొలిచి దాని బరువును గ్రాముల్లో కనుక్కోవచ్చు. పది కోట్లతో భాగిస్తే ఆక్సిజన్ అణువు బరువు గ్రాముల్లో వచ్చేస్తుంది. గురివిందకు గ్రాములతో లంకె పడింది.

ఆ సంఖ్యకు అవొగాడ్రో పేరు పెట్టాలని 1909లో ప్రతిపాదించిందీ పెరానే. ఆయన ఒక్క ప్రయోగంతో ఆగలేదు. 1913లో వేసిన తన పుస్తకంలో ఆకాశపు నీలిరంగు నుంచి రేడియం విడుదల చేసే కణాల దాకా పదికి పైగా వేర్వేరు దారుల్లో వచ్చిన విలువల్ని ఒక పట్టికలో పేర్చాడు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఆ దారులన్నీ దగ్గర దగ్గరగా ఒకే చోటికి చేరాయి. పరమాణువులు నిజంగా ఉన్నాయా లేక లెక్క కోసం చేసుకున్న ఊహా అని అప్పటిదాకా వాదించుకున్నవాళ్లలో చాలామందికి ఆ పట్టికతో అనుమానం తీరింది. 1926లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

పెరాన్ ఈ ప్రయోగాలు చేస్తున్న సంవత్సరాల్లోనే అమెరికాలో రాబర్ట్ మిల్లికన్ ఇంకో వైపు నుంచి వచ్చాడు. విద్యుత్తుతో వెండి పూత వేసేటప్పుడు ఒక మోల్ వెండి, అంటే 107.87 గ్రాములు, పేరుకోవాలంటే 96,485 కూలుంబుల విద్యుత్తు ప్రవహించాలి. ఒక్కో వెండి అయాన్ ఒక్కో ఎలక్ట్రాన్‌ను తీసుకుంటుంది. ఒక్క ఎలక్ట్రాన్ ఆవేశం తెలిస్తే ఎన్ని వెండి పరమాణువులో తెలిసినట్టే. గాలిలో తేలే నూనె తుంపరల మీద మిల్లికన్ ఆ ఆవేశాన్ని కొలిచాడు. ఇవాళ్టి విలువ 1.602 × 10⁻¹⁹ కూలుంబులు. 96,485ను దానితో భాగిస్తే మళ్లీ 6.022 × 10²³.

ఒక శతాబ్దం తర్వాత అణువుల్ని నిజంగా లెక్కపెట్టినంత పనీ చేశారు. ఒకే రకం సిలికాన్ పరమాణువులతో, సిలికాన్-28తో, స్ఫటికం పెంచి కిలో బరువున్న గోళంగా సానబట్టారు. అడ్డుకొలత 94 మిల్లీమీటర్లకు కాస్త లోపు. ఆ గోళాన్ని భూమి అంత చేస్తే దాని మీది ఎత్తుపల్లాలు కొన్ని మీటర్లకు మించవు. స్ఫటికంలో పరమాణువులు ఎంతెంత ఎడంగా ఉన్నాయో ఎక్స్ కిరణాలతో కొలిచి, గోళం ఘనపరిమాణాన్ని ఆ చిన్న గదులతో భాగించి, గదికి ఎనిమిది పరమాణువుల చొప్పున లెక్కకట్టారు. గోళంలో ఉన్నవి దాదాపు 2.15 × 10²⁵. ఇలాంటి కొలతల బలం మీదే 2019 మే 20 నుంచి మోల్ నిర్వచనం మారింది. అంతకుముందు 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటే అన్ని అని మోల్‌కు అర్థం. ఇప్పుడు కచ్చితంగా 6.02214076 × 10²³. ఇకపై కొలవాల్సిన పని లేకుండా ఆ అంకెను స్థిరం చేసేశారు.

ఇంత శ్రమ ఉన్నా, పుస్తకంలో వచ్చిన 2.99 × 10⁻²³ గ్రాములు కచ్చితంగా ఏ ఒక్క నీటి అణువు ద్రవ్యరాశీ కాదు. అది సగటు.

వడ్లగింజలు ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఒకటి కాస్త లావు, ఒకటి కాస్త సన్నం. అణువుల్లో ఆ తీరు లేదు. ఒకే రకం పరమాణువులతో కట్టిన రెండు నీటి అణువులు అచ్చంగా ఒకటే. తేడా వచ్చేది పరమాణువుల్లోనే రకాలుండటం వల్ల. ప్రకృతిలో దొరికే హైడ్రోజన్‌లో దాదాపు 6,400 పరమాణువులకు ఒకటి రెండింతల బరువుంటుంది, దాన్ని డ్యుటీరియం అంటారు. ఆక్సిజన్‌లో 500కు ఒకటి 16 బదులు 18 తూగుతుంది. కేంబ్రిడ్జిలో ఫ్రాన్సిస్ ఆస్టన్ 1919లో పరమాణువుల్ని బరువును బట్టి వేరుచేసే యంత్రం కట్టినప్పుడు ఈ తేడాలు కళ్లకు కట్టాయి. పట్టికలో నియాన్ భారం 20.18 అని ఉంటుంది. అంత బరువున్న నియాన్ పరమాణువు ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ 20, 22, చాలా కొద్దిగా 21.

ఈ తేడా మీద తెలంగాణలో ఒక కర్మాగారమే నడుస్తోంది. మణుగూరు దగ్గర గోదావరి ఒడ్డున ఉన్న భారజల కర్మాగారం పని మామూలు నీళ్లలో అక్కడక్కడా ఉన్న డ్యుటీరియాన్ని పోగుచేయడం. రెండు హైడ్రోజన్లూ డ్యుటీరియమే అయిన అణువు 20.03, అంటే 3.33 × 10⁻²³ గ్రాములు, మామూలు నీటి అణువుకంటే పదకొండు శాతం ఎక్కువ. చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది. కానీ దానితో చేసిన మంచుముక్కను గ్లాసు నీళ్లలో వేస్తే తేలదు, మునుగుతుంది. మన అణు విద్యుత్ కేంద్రాల్లో చాలా రియాక్టర్లలో న్యూట్రాన్ల వేగం తగ్గించేది ఈ నీరే.

ఒక్క అణువు లెక్క మందుల్లో ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతోపాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. ఇనుము ముందు అదెంత అనిపిస్తుంది. ఫోలిక్ ఆమ్లం అణువులో 19 కార్బన్లు, 19 హైడ్రోజన్లు, 7 నైట్రోజన్లు, 6 ఆక్సిజన్లు. కలిపితే 441.4. అవొగాడ్రో సంఖ్యతో భాగిస్తే ఒక్క అణువు 7.33 × 10⁻²² గ్రాములు. 500 మైక్రోగ్రాముల్ని దీనితో భాగించండి, 6.8 × 10¹⁷ వస్తుంది. అంటే ఆరువేల ఎనిమిది వందల కోట్ల కోట్ల అణువులు. ఒంట్లో ఉన్న ప్రతి కణానికీ పంచినా వేలల్లో వస్తాయి. ఈ ఆమ్లాన్ని 1940ల్లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కణాలకు శక్తినిచ్చే ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి వేరుచేసి చూపిందీ ఆయనే. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుక్కున్నాడు. ఏటీపీ భారం 507.18, అణువుకు 8.42 × 10⁻²² గ్రాములు.

మేలు చేసే అణువులకే కాదు, కీడు చేసేవాటికీ ఇదే లెక్క. 2018లో వాల్‌సార్టన్ అనే బీపీ మాత్రల్లో ఎన్‌డీఎంఏ అనే కాలుష్యం బయటపడి చాలా దేశాల్లో వాటిని వెనక్కి తీసుకున్నారు. క్యాన్సర్ కలిగించే అవకాశమున్న పదార్థం అది. రోజుకు 96 నానోగ్రాములు మించకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హద్దు పెట్టింది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. ఎన్‌డీఎంఏ భారం 74.08. లెక్క చేస్తే ఆ 96 నానోగ్రాముల్లో దాదాపు 780 లక్షల కోట్ల అణువులు ఉన్నాయి. అందుకే ఆ హద్దును అంత పట్టుదలగా కాపలా కాయాల్సి వచ్చింది. హైదరాబాదు చుట్టుపక్కల ఉన్న మందుల పరిశ్రమకూ ఆ తనిఖీ తప్పనిసరి అయింది.

ఆ తనిఖీ చేసే మాస్ స్పెక్ట్రోమీటర్ ఆస్టన్ యంత్రానికి మనవడి లాంటిది. మందు నమూనాను ఆవిరి చేసి, అణువుకు ఒక ప్రోటాన్‌ను తగిలించి, విద్యుత్ క్షేత్రంలో పరిగెత్తిస్తుంది. తెర మీద 75.055 దగ్గర ఒక సన్నటి గీత లేస్తే, తగిలించిన ప్రోటాన్ బరువు 1.007 తీసేసి, మిగిలిన 74.048 ఎవరిదో చూస్తారు. పట్టికలోని 74.08 సగటు. ఈ 74.048 మాత్రం సగటు కాదు. రెండు కార్బన్-12లు, ఆరు తేలిక హైడ్రోజన్లు, రెండు నైట్రోజన్-14లు, ఒక ఆక్సిజన్-16తో కట్టిన అణువు బరువు అది, డాల్టన్ల లెక్కలో. కార్బన్-12 పరమాణువు ద్రవ్యరాశిలో పన్నెండో వంతుకు పెట్టిన పేరు డాల్టన్, అదే ఇవాళ్టి గురివింద. గ్రాముల్లో 1.66 × 10⁻²⁴.